అంబాసిడర్‌కు పవర్ స్టీరింగ్ పెట్టినంక వచ్చే తిప్పలు: సమస్య - పరిష్కారం

మా నాయినకు భుజం నొప్పి, నల్లగొండ గడియారం సెంటర్ కాడి సందులల్ల అంబాసిడర్ తిప్పాలంటే చెమటలు కారేవి, అందుకే పోయినేడు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టిచ్చిన. స్క్రాపుల నుంచి చిన్న హ్యాచ్‌బ్యాక్ బండి కాలమ్ (స్టీరింగ్ కింది రాడ్డు), మోటారు, కంట్రోలర్ (మోటారును నడిపే డబ్బా) మూడూ కలిపి తెచ్చినం. బిగించుడు రెండు రోజులే, సరి చేసుకునుడు రెండు నెలలు. ఇది మోటారు రకం ముచ్చట, హైడ్రాలిక్ లెక్క వేరే.

గట్టిపడుడు కాకుండ ఏ తిప్పలొచ్చినా ముందుగాల పవర్ స్టీరింగ్ ఫ్యూజు పీకి, ఖాళీ జాగల మెల్లగ నడిపి చూడుండ్రి. అప్పుడు గూడ అట్లనే ఉంటే తప్పు రాక్‌ల (చక్రాలను పక్కకు నూకే పండ్ల కడ్డీ), జాయింట్లల్ల, టైర్లల్ల ఉన్నట్టు. పోయిందంటే మోటారు, కరెంటు దిక్కు ఎతకాలె. మేం ఇది చూడకుండనే ఇంకో కంట్రోలర్ కొన్నం, పైసలు దండగ.

సమస్య: రోడ్డు మీద తేలిక, నిలబెట్టి తిప్పితే గట్టి, లైట్లు మసకబడుతయి

పార్కింగ్‌ల చివరిదాక తిప్పితే మోటారు 30, 40 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే గుంజుతది. మీ బండికి పాత డైనమోనే ఉంటే అది ఇచ్చేదే ఇరవై అటిటు, ఐడిల్‌ల అది గూడ రాదు, ఆల్టర్నేటర్ పెట్టక తప్పదు. మాకు ఆల్టర్నేటర్ ఉండె, అయినా గట్టిగనే ఉండె. ఒకలు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకలు మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ కాడ 12.5, కంట్రోలర్ కాడ 10.5, అంటే రెండు వోల్టులు తొవ్వల్నే పోతున్నయి. చూస్తే ఎర్త్ వైరు పెయింటు మీద బిగించిండ్రు! పెయింటు గీకి, ఎర్త్ సక్కగ బ్యాటరీకే తీసినం, ప్లస్‌కు 10 స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ ఫ్యూజు. పాత ఇగ్నిషన్ స్విచ్ నుంచి సిగ్నల్ మాత్రమే తియ్యుండ్రి, మెయిన్ కరెంటు తీస్తే స్విచ్ కాలుతది. ఇంకోటి, బాగ పాత బండి అయితే పాజిటివ్ ఎర్త్ (బాడీకి బ్యాటరీ ప్లస్ కలిపి) ఉందేమో వైరు కలపక ముందే చూసుకోవాలె, తర్వాత చూస్తే లాభం లేదు.

సమస్య: ఒక్క చుట్టుల రెండుసార్లు టైట్, రెండుసార్లు లూజ్

ఇది యూనివర్సల్ జాయింట్ల (షాఫ్ట్ వంగేకాడ ఉండే కీళ్ళు) పని. కాలమ్‌కూ రాక్‌కూ నడుమ షాఫ్ట్‌కు రెండు కొసలకున్న ఫోర్కులు ఒకే వరుసల ఉండాలె, బిగించేటప్పుడు స్ప్లైన్ (షాఫ్ట్ కొస మీది గాడులు) తప్పితే ఇట్లయితది. విప్పి సరిగ్గ కూసోబెడితే పోతది. పోకపోతే జాయింట్ మరీ వంగి ఉన్నట్టు, కాలమ్ ఎత్తు మార్చాలె.

సమస్య: మలుపు తిరిగినంక స్టీరింగ్ దానంతట అది నిట్టగ రాదు

కింగ్‌పిన్లు (ముందర చక్రాలు పక్కకు తిరిగే కీలలు) ఎండిపోయి ఉంటయి. ఇంతకుముందు చేతికి తెలిసేది, ఇప్పుడు మోటారు నూకుతది కాబట్టి తెల్వదు. ముందర జాకీ లేపి, నిపుల్స్‌ల పాత గ్రీజు బయటికి వచ్చేదాక కొత్తది కొట్టుండ్రి. అయినా రాకపోతే కాస్టర్ (ఆ కీలలు ఎనకకు వంగిన కోణం) చూపియ్యాలె.

నార్కట్‌పల్లి హైవే మీద ఎనభైల గాలిల తేలినట్టుంటే అది వేరే సంగతి, కంట్రోలర్‌కు స్పీడు సిగ్నల్ పోతలేదు, ఎంత స్పీడున్నా ఒక్కతీరుగనే సాయం చేస్తుంది. స్పీడోమీటర్ కేబుల్‌కు సెన్సార్ పెట్టాలె, లేదంటే సాయం తగ్గించే నాబ్ ఉన్న డబ్బా.

సమస్య: ఒక దిక్కుకే గుంజుడు

రెండు ముందర చక్రాలు లేపి, చేతులు దూరం పెట్టి ఇంజన్ స్టార్ట్ చెయ్యుండ్రి. స్టీరింగ్ తనంతట తనే తిరిగితే టార్క్ సెన్సార్ (చేతి జోరు కొలిచేది) జీరో తప్పినట్టు. బిగించేటప్పుడు కాలమ్‌ను సుత్తెతో కొట్టిండ్రా అడుగుండ్రి, మాకాడ కొట్టిండ్రు. తిరగకపోతే గాలి, అలైన్‌మెంట్, బ్రేకు పట్టుడు చూసుకోవాలె.

మే నెల ఎండలకు పదిసార్లు ముందుకెనకకు తిప్పినంక గట్టిపడితే భయపడొద్దు, మోటారు వేడెక్కి కంట్రోలరే తగ్గించింది, జరసేపు ఆపితే సల్లబడతది.

సమస్య: తిప్పంగనే టక్కుమని సప్పుడు

కాలమ్ బ్రాకెట్ కదులుతుంది. మోటారు రాక్‌ను తిప్పే జోరు బ్రాకెట్ మీద గూడ పడతది, పాత డ్యాష్ రేకుకు ఒక్క బోల్టు పెడితే రేకే చీరుకుపోతది. మందం పట్టీతో రెండు చోట్ల గట్టిగ కట్టాలె. షాఫ్ట్ పొట్టిగైతే మాత్రం లేత్ కాడ స్ప్లైన్ కొట్టించుకోవాలె. ముక్క వెల్డింగ్ పెట్టిస్త అన్నాయన షాపుల నుంచి బండి తీస్కొని వచ్చెయ్యుండ్రి.