చేత్తో లూప్: 4వ పాఠం – ముందు ‘ఒకటి’ ఎక్కడుందో తేల్చుకుందాం

ఈ డీజే పాఠాల్లో పోయినసారి, ఎనిమిది దెబ్బల బ్రేక్ (పాటలో గొంతు ఆగి దరువు ముందుకొచ్చే ముక్క) ఒకటి కోసి, ఆగకుండా లూప్‌గా తిప్పి ఆడియో పంపమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం కుంటుతున్నాయి. ఈ వారం స్క్రాచ్ (రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ రుద్ది శబ్దం తీయడం) మొదలుపెట్టాలి, కానీ ఇది కుదరకుండా అక్కడికి వెళ్తే ఏమీ నిలబడదు కాబట్టి దాన్ని వెనక్కి జరిపాను. తప్పు కొంత నాది కూడా. "పాడటం ఆగిన చోట మొదలుపెట్టండి" అని రాశాను, మీలో చాలామంది గొంతు ఆగిన క్షణాన్నే పట్టుకుని అక్కడే కోసేశారు. నేను చెప్పింది ఆ చుట్టుపక్కల వెతకమని.

మీ ఆడియోల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు. తిరిగొచ్చేటప్పుడు కాలు మడత పడ్డట్టు తడబడితే, అది పొడవు తప్పు. ఎనిమిది దెబ్బలకి కాస్త ఎక్కువో తక్కువో కోశారు, సరిచేయడం తేలికే. రెండోది మొండిది. లూప్ ఎక్కడా తడబడదు, హాయిగా తిరుగుతుంది, కానీ దాని మీద ఎవరైనా నాలుగు మాటలు అందుకోబోతే నోరు తిరగదు. పొడవు సరిగ్గా ఎనిమిది ఉంటే ఎక్కడ కోసినా తడబడకుండానే తిరుగుతుంది, అందుకే ఈ తప్పు చెవికి చిక్కదు. అక్కడ మీ ‘ఒకటి’, అంటే నాలుగేసి దెబ్బల లెక్కలో మొదటి దెబ్బ, తప్పింది.

ఎందుకు తప్పుతుందంటే, మనం చిన్నప్పటి నుంచి పాటని మాటతో మొదలుపెట్టి విన్నాం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కొన్ని కీర్తనలు తాళం పడ్డాక కాస్త ఆగి ఎత్తుకుంటాం. మనం బ్రేకులు కోసే ఫంక్ పాటల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా, గొంతో బాకాలో ఒకటికి అర దెబ్బ ముందే దూకుతాయి. ఆ దూకుడునే మీరు ఒకటి అనుకుంటున్నారు. ఇంకొందరు స్నేర్‌ని (‘టక్’ మనే డ్రమ్‌ని) ఒకటి అనుకుంటున్నారు, ఎందుకంటే అది గట్టిగా వినిపిస్తుంది, చప్పట్లు కూడా దాని మీదే పడతాయి. స్నేర్ రెండు, నాలుగు. దుమ్ టక్ దుమ్ టక్. ‘టక్’ దొరికితే దాని ముందున్న ‘దుమ్’ దగ్గరికి వెళ్ళండి. అయినా అది ఒకటా మూడా అనే అనుమానం మిగులుతుంది, ఈ మెట్టు మీదే నాకు వచ్చిన ఆడియోల్లో బాగున్నవి కూడా జారాయి. అప్పుడు డ్రమ్స్ వదిలేసి బేస్ గిటార్ వినండి. బేస్ ఇంటికొచ్చినట్టు కూర్చునే దుమ్ ఒకటి. బేస్ లేని ఉత్త డ్రమ్ బ్రేక్ అయితే రెండు వరసలు వెనక్కి వెళ్ళి, పాట ఇంకా నడుస్తుండగానే లెక్క మొదలుపెట్టి, బ్రేక్‌లోకి లెక్కతోనే నడవండి. నేనైతే ఎప్పుడూ ఇలాగే చేస్తాను, ఎడమ మడమతో ఒకటి కొడుతూ. తెర మీద కనిపించే అలల బొమ్మ చూసి కోసే అలవాటు మాత్రం మానేయండి. అందులో ఎత్తుగా కనిపించేది గట్టి శబ్దం, ఒకటి కాదు.

ఈ ఒకటి దగ్గరికి కచ్చితంగా తిరిగి రావడాన్ని ఒక విద్యగా నిలబెట్టింది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1970లలో. ఆయన కంటే ముందు డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలతో బ్రేకులు పొడిగించేవాడు, కానీ సూది అందాజాగా దించడంతో దరువు చెదిరేది. ఎలక్ట్రానిక్స్ చదివిన ఫ్లాష్‌కి అది నచ్చలేదు. జనానికి వినిపించకుండా రెండో రికార్డు తను ముందే వినడానికి ఒక స్విచ్ కట్టుకున్నాడు. రికార్డు కింద రబ్బరు మ్యాట్ పట్టేస్తోందని ఫెల్ట్ గుడ్డకి గంజి పెట్టి, బిళ్ళలా గట్టిపడేదాకా ఇస్త్రీ చేసి వేశాడు. డీజేలు వేళ్ళతో రికార్డుని తాకకూడదనుకునే రోజుల్లో చెయ్యి నేరుగా దాని మీద పెట్టాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీశాడు. ఆ గీతని గడియారం ముల్లులా చూసి బ్రేక్ మొదలుకి తిరిగి రావడమే ఆయన ‘క్లాక్ థియరీ’.

లెక్క చూడండి. ఎల్పీ (పెద్ద రికార్డు) తిరిగేది నిమిషానికి 33⅓ చుట్లు, అంటే ఒక చుట్టుకి 1.8 సెకన్లు. పాట వేగం నిమిషానికి 100 దెబ్బలు అయితే ఎనిమిది దెబ్బలకి 4.8 సెకన్లు, అంటే రెండు చుట్లు, పైన మూడింట రెండొంతులు. ఒకటి పడ్డప్పుడు గీత గడియారంలో 12 దగ్గర ఉంటే బ్రేక్ అయ్యేసరికి 8 దగ్గరికి వస్తుంది. వెనక్కి తిప్పుతూ గీత మూడోసారి 12 చేరినప్పుడు ఆపండి, ఒకటి మీ వేలి కింద ఉంటుంది. ఇదంతా రెండో కాపీ వాయించే ఆ 4.8 సెకన్లలోనే అయిపోవాలి.

మొదట్లో ఇది చూసి జనం ఆడటం మానేసి నిలబడి చూస్తుండిపోయారట. అందుకే వాళ్ళని మళ్ళీ ఆడించడానికి మైక్ పెట్టాల్సి వచ్చింది. ముందు కౌబాయ్ అనే ర్యాపర్ అందుకున్నాడు, తర్వాత మెలీ మెల్, కిడ్ క్రియోల్, స్కార్పియో, రహీమ్ చేరి ఫ్యూరియస్ ఫైవ్ అయ్యారు. లూప్ గట్టిగా నిలబడింది కాబట్టే వాళ్ళ మాట దాని మీద నిలబడింది. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’తో లోకానికంతా తెలిశారు, కానీ అందులో ఫ్లాష్ చేతులు లేవు. ఆయన చెయ్యి వినాలంటే 1981 నాటి ‘వీల్స్ ఆఫ్ స్టీల్’ వినండి. మూడు టర్న్‌టేబుళ్ళు (రికార్డు తిప్పే యంత్రాలు), అతుకులు లేకుండా, తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచి. 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టిన మొదటి హిప్ హాప్ బృందం వీళ్ళదే. నాకు అంతకంటే పెద్ద గుర్తు మీ ఫోన్ యాప్‌లోని లూప్ బటన్. ఆ చేతి పనే సాంప్లర్ అనే, పాట ముక్కల్ని దాచి తిప్పే యంత్రంలోకి, అక్కడి నుంచి ఫోన్‌లోకి వచ్చింది.

ఇక సాధన. ఆ బటన్, రెండు పాటల దరువు దానంతటదే కలిపే సింక్ బటన్ రెండూ ముట్టుకోవద్దు. ఒకే పాట యాప్‌లోని రెండు డెక్కుల్లో (రికార్డు పళ్ళేల్లో) పెట్టి, ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకుని, బ్రేక్‌ని ఒక డెక్కు నుంచి ఇంకో డెక్కుకి చేత్తో 30 సార్లు మార్చండి. వేగం 100 దగ్గర అది 2 నిమిషాల 24 సెకన్లు. 29వ సారి తప్పినా మళ్ళీ మొదటి నుంచే. ఆడియోలో ప్రతి ఒకటి మీదా మీ గొంతుతో "ఒకటి" అని గట్టిగా అనండి, పొడవు తప్పిందో మొదలు తప్పిందో నాకు వెంటనే తెలుస్తుంది.