కారు తనంతట తాను తప్పు చేస్తే కంపెనీ చేత జవాబు చెప్పించడం ఎలా

డ్రైవరు లేని కార్లు వరంగల్ రోడ్ల మీదికి ఇంకా రాలేదు గానీ, లేన్ తప్పకుండా స్టీరింగును సరిచేసే, ముందు అడ్డం కనబడితే బ్రేకు వేసే కార్లు షోరూముల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. అవి నిబంధన ఉల్లంఘిస్తే ఈ-చలాన్ బండి నంబరును బట్టి యజమానికి వస్తుంది. ప్రమాదం జరిగితే కేసు స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి మీద పడుతుంది. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో తనంతట తాను నడిచేలా ఉబర్ పరీక్షిస్తున్న కారు ఢీకొని ఒక మహిళ చనిపోయినప్పుడు కూడా క్రిమినల్ కేసు నడిచింది కారులో ఉన్న ఉద్యోగి మీదే గాని కంపెనీ మీద కాదు. కాబట్టి కంపెనీ వంతు బాధ్యత తేలాలంటే ఆధారాలను యజమానే కారు కొన్న రోజు నుంచి కూడబెట్టుకోవాలి.

బ్రోచర్, ప్రకటనలు, సేల్స్ సిబ్బంది పంపిన వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపం, డిజైన్ లోపం మాత్రమే కాదు, ఇచ్చిన హామీకి తగ్గట్టు వస్తువు లేకపోయినా, తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత. ప్రకటనలో చేతులు వదిలేసి నడిపినట్టు చూపి, మాన్యువల్‌లో మాత్రం చేతులు తీయరాదని రాస్తే, నా దృష్టిలో అంతకంటే బలమైన ఆధారం లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ వెర్షన్ కనిపించేలా తెరను ఫోటో తీసుకోండి.

యాసంగి కోతల కాలంలో పరకాల, ములుగు వైపు వెళ్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. లేన్ గీత వడ్ల కింద ఉండిపోతుంది. అక్కడ గీతను గుర్తించే కారు కెమెరా తికమకపడవచ్చు కనుక లేన్ అసిస్ట్ ఆపేసి నడపాలి, ముందూ వెనకా డాష్‌క్యామ్ పెట్టించుకోవాలి. కల్లం లేని రైతును తప్పుపట్టలేము. మన రోడ్లు ఎలా ఉంటాయో తెలిసే అమ్మిన కంపెనీ ఆ హెచ్చరికను తెలుగులో స్పష్టంగా ఇవ్వవలసింది.

ప్రమాదం జరిగితే ముందు 108, తరువాత పోలీసులు, బీమా సంస్థ. ఆ వెంటనే, బండి షెడ్డుకు చేరకముందే చేయవలసిన పని ఒకటుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్ ఢీకొన్న క్షణానికి అటూ ఇటూ కొన్ని సెకన్ల వేగం, బ్రేకు వివరాలు నమోదు చేస్తుంది. ఆ యూనిట్‌ను మార్చవద్దని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయవద్దని, డేటా ప్రతి ఇవ్వాలని కంపెనీకి, డీలరుకు ఈ-మెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. మరమ్మతు పూర్తయ్యాక అడిగితే పాత భాగమే మిగలకపోవచ్చు.

కారుకు చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది: గాయాలకు, ఇతర ఆస్తి నష్టానికి పరిహారం ఉత్పత్తి బాధ్యత (పైన 84వ సెక్షన్‌లో చెప్పిన తయారీదారు బాధ్యత) కింద అడగాలి, కారుకే జరిగిన నష్టం చట్టం చెప్పే ‘హాని’ నిర్వచనంలోకి రాదు గనుక దాన్ని లోపమున్న వస్తువు అమ్మారన్న ఫిర్యాదుగా విడిగా రాయాలి. కారు తగిలి గాయపడిన బాటసారి మాత్రం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, దానికి గడువు ఆరు నెలలే. అదే లోపం ఇతర యజమానులకూ ఎదురైతే అందరూ రవాణా శాఖకు రాతపూర్వకంగా తెలపండి. మోటారు వాహనాల చట్టం 110-ఎ సెక్షన్ కింద ఆ మోడల్ బండ్లను వెనక్కి రప్పించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది.