క్లాసులో క్లికర్లు వాడేటప్పుడు గ్రాఫ్ తొందరపడి చూపించకండి

"అర్థమైందా?" అని అడిగితే ముందు బెంచీల్లో నలుగురు తలూపుతారు, మిగతావాళ్ళు నోట్సులోకి చూస్తూ కూర్చుంటారు, మనం సరే అనుకుని ముందుకెళ్ళిపోతాం. ఆ మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసుకోడానికే నేను క్లికర్లు, అంటే ప్రతి స్టూడెంటూ తన ఆన్సర్ నొక్కే చిన్న రిమోట్లు, మొదలుపెట్టా. కొత్తగా వాడబోయే లెక్చరర్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా.

మిషన్ సంగతి పెద్దగా ఏం లేదు. స్టూడెంట్ చేతిలో చిన్న రిమోట్, దానిమీద ఏ నుంచి ఇ దాకా బటన్లు, మన ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీలో ఒక రిసీవర్. పాతకాలంవి ఇన్‌ఫ్రారెడ్‌వి, రిసీవర్ వైపు గురిపెట్టి నొక్కాల్సొచ్చేది, తర్వాతొచ్చినవి రేడియోతో పనిచేస్తాయి కాబట్టి ఆ గొడవ లేదు. కాకపోతే పక్క రూములో కూడా క్లికర్లు వాడుతుంటే రెండు క్లాసులూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండకూడదు. ఐక్లికర్ కంపెనీది అయితే మామూలుగా ఏఏ అనే ఫ్రీక్వెన్సీ కోడ్ మీద ఉంటుంది, మార్చాలంటే పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మెరవడం మొదలయ్యాక కొత్త కోడ్ రెండక్షరాలు నొక్కాలి, ఆ కోడ్ బోర్డు మూల రాసి పెట్టేయండి. ఎవరి క్లికర్ వాళ్ళ పేరుమీద రిజిస్టర్ చేయించడం మొదటి వారంలోనే అయిపోవాలి. బ్యాటరీ అయిపోయినవాళ్ళు చీటీ మీద రాసిస్తే చాలు, దానికి మార్కులు కోయొద్దు.

అసలు కష్టమంతా ప్రశ్న తయారుచేయడంలోనే. ఫార్ములా గుర్తుందా లేదా అని అడిగితే క్లికర్ దండగ. తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా అనుకునేవే అయ్యుండాలి. నేను ఎప్పుడూ అడిగేది ఇది: నాణేన్ని నిట్టనిలువుగా పైకి విసిరాం, బాగా పైకెళ్ళి ఒక్క క్షణం ఆగినప్పుడు దాని యాక్సిలరేషన్ ఎంత? సున్నానా, కిందికి 9.8 మీటర్ పర్ సెకండ్ స్క్వేరా, పైకి 9.8నా?

ఒకటిన్నర నిమిషం ఎవరికి వాళ్ళే ఆలోచించి నొక్కాలి, పక్కవాళ్ళతో మాటల్లేవు. పోల్ మూసేసి, ఏ ఆప్షన్‌కి ఎంతమంది నొక్కారో చూపించే గ్రాఫ్ మీరొక్కరే చూడండి, స్క్రీన్ మీద అప్పుడే వేయొద్దు. నేనొకసారి వేసేశా, సున్నా మీద గీత బాగా ఎత్తుగా ఉంది, పక్కవాళ్ళతో మాట్లాడుకున్నాక వేసే రెండో ఓటులో, మొదట కరెక్టుగా పెట్టినవాళ్ళు కూడా దానికే మార్చేసుకున్నారు, ఆ రోజు నాకు చాలా బాధేసింది.

కరెక్టు చెప్పినవాళ్ళు సుమారు 30 నుంచి 70 శాతం మధ్యలో ఉంటే పక్కవాళ్ళతో వాదించుకోమనండి, 70 దాటితే రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్ళండి, 30 కంటే తక్కువైతే మళ్ళీ వివరించాల్సిందే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

వాదించుకునేటప్పుడు మీరు బెంచీల మధ్య తిరగండి, దయచేసి డయాస్ మీదే నిలబడిపోకండి. మొన్న ఒకబ్బాయి "ఆగిపోయింది కదా, ఇంకేం యాక్సిలరేషన్, సున్నానే" అంటున్నాడు, పక్కమ్మాయి పెన్ను మూత పైకెగరేసి పట్టుకుని "సున్నా అయితే అక్కడే గాల్లో ఉండిపోవాలిగా, మరి కిందికెందుకొచ్చింది?" అంది. వాడు కాసేపు ఆ మూతనే చూసి "ఓ... వేగం సున్నా, అంతే" అన్నాడు. నేను పది సార్లు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

తెలిసినవాడు తెలియనివాడికి చెప్పేస్తున్నాడంతే కదా అని కొందరంటారు. కొలరాడో యూనివర్సిటీ జెనెటిక్స్ క్లాసులో చేసి 2009లో ప్రచురించిన స్టడీలో, గుంపులో మొదట ఎవరికీ కరెక్టు ఆన్సర్ తెలియకపోయినా మాట్లాడుకున్నాక అలాంటిదే ఇంకో ప్రశ్నకి మెరుగ్గా చెప్పగలిగారని తేలింది.

రెండు మూడు నిమిషాలయ్యాక రెండో ఓటు, అప్పుడు రెండు గ్రాఫులూ పక్కపక్కన చూపించి తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో కూడా వాళ్ళచేతే చెప్పించండి. ఒక్కో ప్రశ్నకి అయిదారు నిమిషాలు పడుతుంది కాబట్టి గంట క్లాసులో మూడుకి మించి పెట్టొద్దు, సిలబస్ కోసం తొందరపడితే మొదట ఎగిరిపోయేది ఆ వాదనే.

మార్కులివ్వాలంటే ఆన్సర్ నొక్కినందుకు ఇవ్వండి, కరెక్టా తప్పా అని కాదు. కరెక్టుకే మార్కులంటే ఎవరూ ఆలోచించరు, బాగా చదివేవాడు ఏం నొక్కాడో చూసి నొక్కేస్తారు. క్లాసయ్యాక ఆ గ్రాఫులు సేవ్ చేసుకోండి, రెండో ఓటులో కూడా కదలని ప్రశ్నలేవో చూసుకుని తర్వాతి క్లాసు అక్కడినుంచి మొదలుపెట్టండి.