ఆముదం సీసాలో జంట గుండ్లు

రాజాం దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నీళ్లలో ఈదే బాక్టీరియా ఒకదాన్నొకటి తాకకుండానే లాక్కుంటాయంటే పిల్లలు నమ్మరు. నమ్మించడానికి లీటరున్నర ఆముదం చాలు.

వెడల్పాటి గాజు సీసా తీసుకోండి. సన్నదైతే గోడ దగ్గరై గుండు నెమ్మదిస్తుంది. ఆముదం పోసి రాత్రంతా కదపకండి, బుడగలన్నీ పైకి పోవాలి. సైకిల్ షాపులో ఫ్రీవీల్‌కి వేసే 3 మిల్లీమీటర్ల గుండ్లు అడగండి. సీసా మీద 15 సెంటీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. నెలగంట పెట్టాక వచ్చే చలి ఉదయాలు దీనికి మంచివి, ఎండకు ఆముదం పల్చబడిపోతుంది.

గుండు వదలడంలోనే ఉంది పనంతా. పైనుంచి పడేస్తే గాలి బుడగను వెంటేసుకుపోతుంది. మొదటి ఏడాది నా లెక్కలన్నీ అలాగే చెడ్డాయి. గుండును ముందే ఆముదంలో తడిపి, పట్టకారుతో నూనె లోపలికి దించి, సీసా నడిమధ్యన వదలండి. ఒంటరి గుండుకు గీత నుంచి గీతకు దాదాపు నాలుగు సెకన్లు పడుతుంది. ఇప్పుడు రెండిటిని పక్కపక్కనే ఆనించి వదలండి. మూడు సెకన్లకే దిగిపోతాయి.

"మాస్టారూ, రెండూ కలిస్తే బేగి పోతన్నాయి!" అని ఓ పిల్ల అరిచింది. అంతే మరి. దిగే గుండు చుట్టూ ఉన్న ఆముదాన్ని కూడా లాక్కెళ్తుంది, పక్క గుండు ఆ ప్రవాహంలో పడుతుంది. ఒకదాని కింద ఒకటి ఉంటే ఇంకా వేగం, లెక్కప్రకారం ఒంటరి గుండుకు ఒకటిన్నర రెట్లు. జంట ఏటవాలుగా ఉంటే కింది గుండు వైపుకి పక్కకు జరుగుతూ దిగుతుంది. ఇది తప్పకుండా చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఆముదమే ఎందుకంటే, రెండు మైక్రోమీటర్ల బాక్టీరియాకు నీళ్లు మనకు ఆముదం కన్నా చిక్కన. తోక ఆపితే అణువంత దూరం కూడా సాగకుండా ఆగిపోతుందని 1976లో భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ ఒక ప్రసంగంలో లెక్కగట్టి చెప్పారు.

ఒక తేడా మాత్రం పిల్లలకు చెప్పండి. గుండును భూమి లాగుతోంది, బాక్టీరియాను బయటి నుంచి ఎవరూ లాగరు. అందుకే దూరం రెట్టింపైతే గుండు రేపిన ప్రవాహం సగమవుతుంది, బాక్టీరియాది పావు వంతుకు పడిపోతుంది. ఈ.కోలై అనే బాక్టీరియా వెనక తోకతో నెట్టుకుంటూ నీటిని ముందుకీ వెనక్కీ తోస్తుంది, పక్కల నుంచి లాక్కుంటుంది. కాబట్టి పక్కపక్కన ఈదే రెండు దగ్గరవుతాయి. ముందున్న రెండు కశాభాలతో, అంటే కొరడాల్లాంటి తోకలతో, ఈదే క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలానిది దీనికి తలకిందులు.

చివర్లో మూడు గుండ్లు ఒకేసారి వదలండి. ఏ రెండు జతకట్టి మూడోదాన్ని వెనకేస్తాయో ముందే చెప్పమని పందెం పెట్టండి.