నాన్‌ఫిక్షన్ పుస్తకం: వెతకడం, తూచి చూడడం, చదవడం

తెలుగు పుస్తకాల షాపులో నాన్‌ఫిక్షన్ అని బోర్డు పెట్టిన అర అరుదు. వ్యక్తిత్వ వికాసం, ఆధ్యాత్మికం, పోటీ పరీక్షలు, వంటలు, వీటికి అరలుంటాయి. మంచి చరిత్ర పుస్తకమో, ఆత్మకథో, యాత్రా కథనమో మాత్రం నవలల మధ్య ఇరుక్కుని ఉంటుంది. లేదంటే ప్రచురణకర్త పేరుతో పేర్చిన దొంతరలో అడుగున పడి ఉంటుంది. కౌంటర్ దగ్గరికెళ్లి "మంచి నాన్‌ఫిక్షన్ ఏమన్నా ఉందా?" అంటే, ఆ వారం బాగా అమ్ముడుపోతున్న నాలుగు పుస్తకాలు తెచ్చి ముందు పెడతారు. అంత వదులుగా అడిగితే ఎవరైనా అదే చేస్తారు.

కాబట్టి జాబితా కాకుండా ప్రశ్న పట్టుకుని వెళ్లండి. "చరిత్ర పుస్తకాలు" అనేది ప్రశ్న కాదు. "నిజాం కాలంలో పల్లెటూరి పిల్లలు ఎక్కడ, ఏ భాషలో చదువుకున్నారు?" అనేది ప్రశ్న. "1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకముందు గోదావరి జిల్లాల్లో బతుకు ఎలా ఉండేది?" అనేదీ ప్రశ్నే. ఇలాంటిదాన్ని కాగితం మీద ఒక వాక్యంగా రాసుకుంటే, దానికి మూడు రకాల పుస్తకాలు దొరుకుతాయి: కళ్లారా చూసినవాళ్లు రాసుకున్నవి, ఆధారాలు పోగేసి పరిశోధకులు రాసినవి, ఆ విషయం మీద వాదన చేసేవి. మొదటి పుస్తకం ఎప్పుడూ కళ్లారా చూసినవాళ్లదే తీసుకోండి. మనుషులు, ఊళ్లు, ధరలు ముందు మనసులో కుదురుకుంటే పరిశోధన గ్రంథంలోని పట్టికలు తర్వాత బరువనిపించవు. వాదన పుస్తకంతో మొదలుపెడితే ఆ రచయిత అభిప్రాయమే మీ అభిప్రాయమై కూర్చుంటుంది. కాదనడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

ఎక్కడ వెతకాలి

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం తెలిసినవే. వాటికి ఆదివారం సాయంత్రం వెళ్లకండి. ఆ తోపులాటలో పుస్తకం తెరిచి చూడడానికి చోటుండదు. పనిరోజు మధ్యాహ్నం వెళ్లి, తోరణాలు కట్టిన పెద్ద స్టాళ్లకంటే ముందు చిన్న సంస్థల బల్లల దగ్గర ఆగండి. 1980 నుంచి నడుస్తున్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌కి ఆరోగ్యం, చరిత్ర, కులం, స్త్రీల జీవితాల మీద అనువాదాలకు పేరుంది. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడమీ పుస్తకాలు అట్ట చూస్తే ఆకట్టుకోవు, కానీ ధర తక్కువ. అకాడమీ వేసే 'భారతీయ సాహిత్య నిర్మాతలు' వరసలో పుస్తకాలు పలచగా ఉంటాయి, ఒక్కో రచయిత గురించి రెండు మూడు సాయంత్రాల్లో చదివేయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే సులువైన మెట్టు లేదు.

పాత పుస్తకాలకి హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ ఉంది. అక్కడ బేరమాడే ముందు ఒక పని చేయాలి. మన పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. కుట్టు ఊడిన పాత ప్రతిలో ఒక ఫారం మొత్తం జారిపోయే ప్రమాదముంది. 16, 32, 48, 64, 80, 96 దగ్గర పేజీలు తిప్పి చూడండి. 96 తర్వాత 113 కనిపిస్తే ఒక ఫారం పోయినట్టే. ఒక ఫారం రెండుసార్లు కుట్టిన పుస్తకాలూ ఉంటాయి, అప్పుడు వేరేది ఎక్కడో తప్పకుండా తగ్గుతుంది. వెన్ను దగ్గర సూదిబెజ్జాలుండి, విదిలిస్తే సన్నటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉందని లెక్క. ఎంత చవకైనా మిగతా పుస్తకాల పక్కకి తేకండి.

లైబ్రరీకి ఎవరూ పోవడం లేదని బాధపడతాం గానీ, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. కట్టిన డబ్బు వాడుకోండి. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే జీవితచరిత్రలు 920 దగ్గర, భారతదేశ చరిత్ర 954 దగ్గర ఉంటాయి. తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. సాహితీవేత్తల ఆత్మకథల్ని చాలాచోట్ల ఇందులోనే కలిపేస్తారు, అక్కడా వెతకాలి. లోతుగా వెళ్లేవాళ్లకు వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. పాత పుస్తకం కావాలంటే ముందురోజే ఫోన్ చేసి పేరు చెప్పి వెళ్లడం మంచిది.

ఊరికి దూరంగానో దేశానికి దూరంగానో ఉన్నవాళ్లకు తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. వికీసోర్స్‌లో తెలుగులో టైపు చేసి వెతికితే చాలు. ఆర్కైవ్‌తోనే తంటా. అక్కడి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లకి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. 'చరిత్ర' దొరక్కపోతే 'చరిత్రము' కొట్టండి. 'త'కి 'టి' ఒక్కటే పెట్టి ఒకసారి, 'హెచ్' చేర్చి ఒకసారి ప్రయత్నించండి. దీర్ఘానికి 'ఎ' ఒకటి పెట్టి, రెండు పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే పుస్తకం పేరు వదిలేసి రచయిత ఇంటిపేరు ఒక్కటే వెతకండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఏది చట్టబద్ధంగా ఉచితం, ఏది కాదు అన్నదానికి లెక్క తేలికే. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 2014 జనవరి 1 నుంచి అందరిదీ. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరే వేసుకోవాలి. నిన్నమొన్న రాసినవారి పుస్తకం వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా తిరుగుతుంటే, ఆ రచయిత రెండో పుస్తకం రాకుండా చేస్తున్నట్టే. తెలుగులో చాలామంది చేతి డబ్బు పెట్టుకుని అచ్చువేస్తారు.

పది నిమిషాల పరీక్ష

పుస్తకం చేతిలోకి వచ్చాక అట్ట వెనక పొగడ్తలు చదవకండి. లోపలి మొదటి పేజీని తిప్పి దాని వెనక్కి చూడండి. మొదటి ముద్రణ ఏడు, ఇప్పటి ముద్రణ ఏడు, ఎన్ని ప్రతులు వేశారు, ప్రతులకు ఎవర్ని అడగాలి, అన్నీ అక్కడే ఉంటాయి. 1960ల్లో రాసినదాన్ని కొత్త అట్టతో వేస్తే తప్పేమీ లేదు. పాత ముద్రణ సంగతి దాచిపెట్టి వేస్తేనే అనుమానించాలి. అనువాదమైతే మూలం పేరు, ఏ భాష నుంచి, ఎవరు చేశారు అన్న మూడూ ఉండాలి. అనువాదకుడి పేరే లేని పుస్తకం లోపల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

తర్వాత ముందుమాటలు. మన పుస్తకాల్లో ఒక్కోసారి అయిదారు ఉంటాయి, పెళ్లిలో ఆశీర్వచనాల్లాగా. అవన్నీ దాటేసి 'నా మాట' ఒక్కటి చదవండి. అందులో ఈ పని ఎందుకు మొదలైంది, ఎన్నాళ్లు పట్టింది, ఏ కాగితాలు చూశారు, ఎవర్ని కలిశారు అన్నవి ఉంటే సగం నమ్మకం కుదురుతుంది. విషయసూచిక చూసి, పుస్తకంలో మూడోవంతు దగ్గర తెరవండి. మొదటి అధ్యాయం ఎవరైనా జాగ్రత్తగా రాస్తారు, అలసట బయటపడేది ఇక్కడే.

అక్కడ మీకు ఇప్పటికే తెలిసిన విషయం ఒకటి వెతకండి. మీ ఊరు, మీ వృత్తి, మీ ఇంట్లో ఉన్న జబ్బు, ఏదైనా. ఉదాహరణకి ఒక నేతగాళ్ల ఊరి గురించిన పుస్తకంలో "పూర్వం ఇక్కడ నేత గొప్పగా సాగేదని పెద్దలు చెబుతారు" అని ఉందనుకోండి. ఏ పెద్దలు? ఎంత గొప్పగా? అదే సంగతిని ఎన్ని మగ్గాలుండేవి, నూలు ఎక్కడినుంచి వచ్చేది, చీర ఏ సంతలో అమ్మేవాళ్లు, ఇదంతా ఎవరు ఎప్పుడు చెప్పారు అని రాసిన పుస్తకం వేరే జాతి. 'ప్రతీతి', 'అంటారు', 'పరిశోధనల్లో తేలింది', ఇవి ఒక పేజీలో మూడుసార్లు తగిలి, ఎక్కడా పేరూ సంవత్సరమూ లేకపోతే అరలో పెట్టేయండి. ఆరోగ్యం, డబ్బు గురించిన పుస్తకాల్లో ఈ విషయంలో అసలు రాజీ పడకూడదు.

అనువాదానికి ఇంకో పరీక్ష ఉంది. అర పేజీ పైకి చదవండి, గొంతు తీసి. 'యొక్క', 'చేయబడినది', 'ఏదైతే ఉందో అది' అని నాలిక తడబడుతుంటే, లోపలి విషయం ఎంత గొప్పదైనా యాభయ్యో పేజీ దగ్గర మీరు ఆపేస్తారు. మూలం చదవగలిగితే మూలమే చదవండి.

చివరగా వెనక పేజీలు. ఉపయుక్త గ్రంథసూచి ఉంటే దాన్ని ఫోటో తీసుకోండి, మీ తర్వాతి పుస్తకం అందులోనే ఉంటుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక తెలుగు పుస్తకాల్లో అరుదు. లేనంత మాత్రాన వదిలేయకండి, దానికి విరుగుడు కింద ఉంది.

ఒక విడతకి మూడు కొంటే చాలు. ఎగ్జిబిషన్‌లో పన్నెండు కొన్నవాళ్ల ఇళ్లలో అవి సంక్రాంతికి కూడా కవరులోనే ఉంటాయి. ఆ మూడింటిలో ఒకటి నూటయాభై పేజీల లోపుది ఉండాలి.

చదివే పద్ధతి

రోజుకి 25 పేజీలు. 300 పేజీల పుస్తకం పన్నెండు రోజులు. దీనికంటే పెద్ద లక్ష్యం పెట్టుకుంటే నాలుగోరోజు తప్పుతుంది, అయిదోరోజు పుస్తకం దుమ్ము పడుతుంది. నవలలా మొదటి పేజీ నుంచి చివరిదాకా పోవాలన్న నియమం లేదు. ఆత్మకథల్లో చాలావాటికి మొదటి ముప్పై పేజీలు వంశం, గోత్రం, మేనమామల ఇంటిపేర్లు. అవి దాటి బడి దగ్గర మొదలుపెట్టండి. మనిషి మీద ఆసక్తి పుట్టాక వెనక్కొస్తే ఆ మేనమామలే పాత్రలవుతారు.

ఒక పుస్తకం ఎలా తెరవాలో దగ్గరగా చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో పరివారంతో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో రాసినది 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. రైలు లేని కాలం. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, నీళ్లు ఎలా ఉన్నాయి, దారి ఎలా ఉంది అని పొడుగాటి వాక్యాల్లో రాసుకుంటూ పోతారు. మొదటి పేజీలో మొదలుపెట్టినవాళ్లు ఊళ్ల పేర్ల వరసలో మునిగి ఆపేస్తారు. అలా కాకుండా ముందు మ్యాప్ తెరవండి. పోయేదారి తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా. వచ్చేదారి కలకత్తా, పూరీ, ఉత్తరాంధ్ర మీదుగా. ఇందులో మీ జిల్లా ఎక్కడ తగులుతుందో చూసి ఆ పేజీలు పైకి చదవండి. మీరు బస్సులో దాటేసే ఊళ్లో రెండొందల ఏళ్ల కిందటి మనిషి మంచినీళ్ల గురించి వాకబు చేస్తుంటే, ఆ తర్వాత ఎవరూ బలవంతం చేయనక్కర్లేదు. వీలైతే దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో 1941లో వచ్చిన ముద్రణ పట్టుకోండి.

పాత పుస్తకాల్లో తడబడేది భాష దగ్గర కంటే లెక్కల దగ్గర. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. తెలంగాణ పుస్తకాల్లో ఫసలీ (నిజాం సర్కారు లెక్కల్లో వాడిన సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి, ఫసలీ 1357 అంటే 1947-48. శక సంవత్సరానికి 78 కలపాలి. 'వికృతి నామ సంవత్సరం' అని మాత్రమే ఉంటే అది 1830 కావచ్చు, 1890 కావచ్చు, 1950 కావచ్చు. పక్కన చెప్పిన రాజో దొరో కలెక్టరో ఎవరో చూసి తేల్చుకోవాలి. ౧, ౨, ౩ల నుంచి ౯ దాకా తెలుగు అంకెలు ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే రెండో రోజుకి చీటీ అక్కర్లేదు.

పదసూచిక లేని పుస్తకానికి మీరే ఒకటి తయారు చేయండి. పెన్సిల్‌తో, చివరి ఖాళీ పేజీ మీద: "కరువు 41, 88, 130", "బియ్యం ధర 57", "అనుమానం 102". ఒక్కో పుస్తకానికి పదిహేను ఇరవై మాటలు చాలు. గీతలు గీసే హైలైటర్ వద్దు, పలచటి కాగితం మీద రంగు అవతలికి దిగుతుంది. ఏడాది తర్వాత మీ ప్రశ్నకి జవాబు కావాల్సినప్పుడు ఈ ఒక్క పేజీ తిరగేస్తే సరిపోతుంది.

ఇక అసలు రుచి జంటగా చదవడంలో ఉంది. దాశరథి కృష్ణమాచార్య 'యాత్రాస్మృతి', తమ్ముడు రంగాచార్య 'జీవనయానం' ఒకే ఇంటి నుంచి, ఒకే నిజాం పాలన గురించి వచ్చినవి. కందుకూరి, చిలకమర్తి, టంగుటూరి ప్రకాశం ముగ్గురి ఆత్మకథల్లోనూ రాజమండ్రి ఉంది. ఒకరు రెండు పేజీలు రాసినదాన్ని ఇంకొకరు ఒక్క వాక్యంలో దాటేస్తారు, మూడోవారు ఎత్తనే ఎత్తరు. ఆ తేడా కనిపించినచోట రెండు పుస్తకాల్లోనూ పేజీ నంబరు అటుదిటు, ఇటుదటు రాసుకోండి.

తప్పు దొరికితే మార్జిన్‌లో పెన్సిల్‌తో దిద్ది, మొదటి పేజీ వెనక ఉన్న 'ప్రతులకు' నంబరుకి పేజీ, వాక్యం, మీ ఆధారం రాసి మెసేజ్ పెట్టండి. చాలాసార్లు ఆ ఫోన్ ఎత్తేది రచయితే. మలిముద్రణకి అలాంటి చీటీలు దాచుకునే రచయితలు తెలుగులో ఇంకా ఉన్నారు.