యిగ్ తయారీ: వేడెక్కినా అయస్కాంతంగానే ఉండే, కరెంటు పారని ఆక్సైడ్

అయస్కాంత గుణం గది ఉష్ణోగ్రత దాటినా పోకూడదు, కరెంటూ పారకూడదు. అలాంటి ఆక్సైడ్ మీద ప్రాజెక్టు చేస్తుంటే ముందు యిట్రియం ఐరన్ గార్నెట్ పట్టుకోండి, ల్యాబుల్లో యిగ్ అంటారు. అచ్చమైన ఫెర్రోమాగ్నెట్ (అయాన్లన్నీ ఒకేవైపు తిరిగి ఉండేది) యూరోపియం ఆక్సైడ్ 69 కెల్విన్ దగ్గరే చేతులెత్తేస్తుంది, లాంథనం నికెల్ మాంగనేట్ 280 దాకా వస్తుంది, అంటే 7 డిగ్రీల సెల్సియస్, మన చలికాలానికే చాలదు. యిగ్ 560 కెల్విన్ వరకు, అంటే 287 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే ఇది ఫెర్రీమాగ్నెట్: ఫార్ములాలోని 5 ఇనుము అయాన్లలో 3 ఒకవైపు, 2 ఎదురువైపు తిరిగి ఉంటాయి, మనకు దక్కేది మిగిలిన ఒక్కదాని బలమే.

10 గ్రాముల యిగ్‌కు యిట్రియం ఆక్సైడ్ 4.59, ఫెర్రిక్ ఆక్సైడ్ 5.41 గ్రాములు కావాలి. యిట్రియం ఆక్సైడ్ తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కాబట్టి ముందు 900 డిగ్రీల్లో కాల్చి, డెసికేటర్‌లో (తేమ చొరబడని గాజు పాత్రలో) చల్లారగానే తూచండి, లేకపోతే లెక్క అక్కడే తప్పుతుంది. అగేట్ కల్వంలో అసిటోన్ పోసి ఓపిగ్గా నూరండి. స్టీలు బంతుల మిల్లు మాత్రం వద్దు, అరిగిన ఇనుము పొడిలో కలిసిపోతుంది.

అల్యూమినా క్రూసిబుల్‌లో 1150 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, తీసి మళ్ళీ నూరుతూ రంగు చూడండి. నారింజ-గోధుమ ఛాయ ఉంటే మధ్యలో వచ్చే యిట్రియం ఆర్థోఫెర్రైట్ ఇంకా మిగిలింది, ఆలివ్ ఆకుపచ్చ వైపు తిరుగుతుంటే దారిలో ఉన్నారు. అప్పుడు పొడిని బిళ్ళగా (పెల్లెట్) నొక్కి 1350 డిగ్రీల్లో ఇంకో పది పన్నెండు గంటలు. ఇక్కడ తొందరపడి వేడి పెంచొద్దు. గాలిలో సుమారు 1390 దాటితే ఫెర్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్ వదిలి మాగ్నటైట్ అనే ఇంకో ఇనుము ఆక్సైడ్ అయిపోతుంది, ఇనుము కొంత రెండు ఛార్జీల స్థితికి దిగితే ఎలక్ట్రాన్ ఒక ఇనుము నుంచి ఇంకోదానికి గెంతడం మొదలుపెడుతుంది, అంతే, ఇన్సులేటర్ గుణం పోయినట్టే. చల్లార్చడం కూడా గాలిలోనే, నెమ్మదిగా.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష), రాగి కిరణాలతో, పెద్ద శిఖరం 32.3 డిగ్రీల కోణం (2θ) దగ్గర రావాలి. 33 దాటిన వెంటనే ఇంకోటి తల ఎత్తితే అది ఆర్థోఫెర్రైట్ గానీ, కలవకుండా మిగిలిన ఫెర్రిక్ ఆక్సైడ్ గానీ, మళ్ళీ నూరి కాల్చాలి.

అయస్కాంతానికి అతుక్కుంది కదా అని సంతోషపడిపోకండి, మాగ్నటైట్ కూడా అతుక్కుంటుంది. పెల్లెట్ రెండు వైపులా సిల్వర్ పేస్ట్ పూసి నిరోధం కొలవండి. మామూలు మల్టీమీటర్‌లో ఏదైనా అంకె నిలిచిందంటే అనుమానించాల్సిందే, మంచి యిగ్ దాని పరిధికి అందదు. టీజీఏ యంత్రం (వేడిచేస్తూ తూకం చూసేది) ఉంటే నైట్రోజన్‌లో, కింద చిన్న అయస్కాంతం పెట్టి వేడిచేయండి: 287 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం పోయి తూకం ఒక్కసారిగా మారితే అది యిగ్. 585 దగ్గర ఇంకో మెట్టు కనిపిస్తే మాగ్నటైట్ మిగిలిందని అర్థం, ఆ పెల్లెట్‌ను పొడిచేసి ఈసారి ఆక్సిజన్ పారిస్తూ కాల్చండి.