నాకౌట్‌లో ఓడిన తర్వాత: అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుతో సీజన్ లెక్క చూసుకోవడం ఎలా

ఓడిన రోజు పిల్లలతో ఆట గురించి మాట్లాడకండి. అన్నం తినిపించండి, మడమ బెణికిన వాళ్లకు ఐస్ పెట్టండి, ఇళ్లకు ఫోన్లు చేయించి రైలెక్కించండి. మా వరంగల్ పక్కనున్న కాజీపేట వచ్చేసరికి సగం మంది నిద్రలో ఉంటారు. ఓదార్చడానికి వచ్చే పెద్దలను కూడా కాస్త దూరంగా ఉంచండి. మా అండర్-17 జట్టు సెమీఫైనల్లో 41-38తో ఓడిన సాయంత్రం ఒక పెద్దాయన నిఖత్ జరీన్ కథ ఎత్తుకున్నారు. నిజామాబాద్ అమ్మాయి, 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్, అంతటి బాక్సర్ కూడా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది కదా, మీకెందుకు బాధ అని. చెప్పిందంతా నిజమే. అయితే ఆ వేళకు మా పిల్లల బుర్రల్లో తిరుగుతున్నది ఎదుటి జట్టు 10వ నంబరు అమ్మాయి. ఆమెను ఎందుకు ఆపలేకపోయామన్న ప్రశ్నకు జవాబు స్కోరుషీటులో ఉంది.

అందుకే ఆ రోజు శిక్షకులు చేయాల్సిన పని ఒకటే. స్కోరర్ టేబుల్ దగ్గరకు వెళ్లి షీటును ఫోనులో ఫొటో తీసుకోండి. జిరాక్స్ ఇస్తామంటే వద్దనండి. ఆటలో నాలుగు భాగాలు, అంటే క్వార్టర్లు ఉంటాయి. మొదటి, మూడో క్వార్టర్లను ఎరుపు పెన్నుతో, రెండు, నాలుగింటిని నీలం లేదా నలుపు పెన్నుతో రాస్తారు. జిరాక్స్‌లో ఆ తేడా పోతుంది, ఏ ఫౌల్ ఎప్పుడు పడిందో తెలియకుండా పోతుంది.

పిల్లలతో కూర్చుని మాట్లాడడానికి నాలుగైదు రోజులు ఆగండి, నెల మాత్రం ఆగకండి. మన దగ్గర సంక్రాంతి సెలవులు దాటితే పదో తరగతి వాళ్లకు పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. మార్చి పరీక్షలయ్యాక పిలిస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఈలోగా మీరు ఒంటరిగా చేయాల్సిన పని ఉంది. ఓడిన మ్యాచ్ షీటు ఒక్కటే ముందు పెట్టుకోకండి. సీజన్‌లో గెలిచిన మ్యాచ్‌ల షీట్లు కూడా పక్కన పరవండి. పాయింట్లు వరుసగా నమోదయ్యే రన్నింగ్ స్కోరు గడుల్లో గీత ఉంటే మామూలు బుట్ట (రెండు పాయింట్లు), నిండు చుక్క ఉంటే ఫ్రీ త్రో (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర నిలబడి వేసేది, ఒక పాయింటు), ఆటగత్తె నంబరు చుట్టూ సున్నా ఉంటే మూడు పాయింట్లు. క్వార్టర్ ముగిసిన చోట కింద మందంగా గీత ఉంటుంది. ఒక వేలు మన కాలమ్ మీద, మరో వేలు వాళ్ల కాలమ్ మీద పెట్టి క్వార్టర్ క్వార్టర్‌గా దిగండి. మా షీట్లలో ప్రతి మ్యాచ్‌లోనూ మూడో క్వార్టరే పల్చగా కనిపించింది. 15 పాయింట్ల తేడాతో గెలిచిన రోజు కూడా మూడో క్వార్టర్లో మేం వేసినవి నాలుగే. గెలిచాం కాబట్టి ఎవరూ దాని ఊసెత్తలేదు. సెమీఫైనల్లో ఎదుటి జట్టు బలంగా ఉంది కాబట్టి అదే లోపం బయటపడింది. నన్నడిగితే ఓడిన మ్యాచ్ కంటే గెలిచిన మ్యాచ్‌లే ఎక్కువ చెబుతాయి.

కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. హాఫ్‌టైమ్‌లో మన జట్లన్నీ కూర్చుని ఉపన్యాసం వింటాయి. శిక్షకులు, పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), పాత ఆటగాళ్లు, ఎవరో ఒకరి నాన్న, అందరూ చెబుతారు. కాళ్లు చల్లబడి లేచిన పిల్లలు ఆలస్యంగా కదిలి చేతులతో ఆపుతారు. అది ఫౌల్. క్వార్టర్లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదో దాని నుంచి ఎదుటి వాళ్లకు రెండేసి ఫ్రీ త్రోలు. మా మీద 10వ నంబరు అమ్మాయి వేసిన పాయింట్లలో సగం ఆ క్వార్టర్లో గీత దగ్గర నిలబడి వేసినవే. ఆమెను ఆపలేకపోవడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

ఇక మన ఫ్రీ త్రోలు. షీటులో వేసినవే కనిపిస్తాయి, తప్పినవి రాయరు. అయినా లెక్క తీయవచ్చు. ఎదుటి జట్టు ఫౌళ్ల గడుల్లో ‘పి’ (పర్సనల్ ఫౌల్) పక్కన చిన్నగా 1, 2 లేదా 3 అని ఉంటుంది. ఆ ఫౌల్‌కు ఇచ్చిన ఫ్రీ త్రోలు అన్ని. ప్రవర్తన తప్పితే పడే టెక్నికల్ ఫౌళ్ల పక్కన ఉన్నవీ కలుపుకోండి, పక్కన అంకె బదులు చిన్న ‘సి’ (c) రాసి ఉన్నవి రద్దయినవి కాబట్టి వదిలేయండి. మొత్తం మనకు వచ్చిన అవకాశాలు. మన కాలమ్‌లోని నిండు చుక్కలు మనం వేసినవి. మాకు వచ్చినవి 18, వేసినవి 7. ఓడింది 3 పాయింట్లతో. ఎవరెన్ని తప్పారో మాత్రం షీటు చెప్పదు, అదీ ఒకందుకు మంచిదే. చివరి నిమిషంలో రెండూ తప్పిన మా 8వ నంబరు అమ్మాయి వల్లే ఓడామని అందరూ అనుకుంటున్నారు. మిగిలిన తొమ్మిది ఎవరి ఖాతాలో వేద్దామని అడిగితే గుంపంతా నేల చూపులు చూసింది.

తప్పు చేతులదేనని తేల్చే ముందు టేపు పట్టుకుని కోర్టు కొలవండి. బోర్డు ముందు భాగం నుంచి ఫ్రీ త్రో గీత 4.6 మీటర్లు, నేల నుంచి రింగు 3.05 మీటర్లు ఉండాలి. సిమెంటు కోర్టు మీద చెరిగిన గీతను ఎవరో మళ్లీ గీసినప్పుడు జానెడు ముందుకో వెనక్కో జరుగుతుంది. బంతి కూడా చూడండి. అమ్మాయిలది 6వ నంబరు బంతి. చాలా చోట్ల అబ్బాయిలు వదిలేసిన 7వ నంబరు బంతులతో సాధన చేయించి, పోటీలో చిన్న బంతి చేతికిస్తారు. అది ఎక్కువ దూరం పోతే పిల్లను తిడతారు.

పిల్లలతో కూర్చునే రోజు కోర్టు మీదే వలయంగా కూర్చోబెట్టండి. ముందు చీటీలు పంచి పేరు లేకుండా రాయించండి. నోటితో మొదలుపెడితే కెప్టెన్ మాటనే మిగిలిన పదకొండు మందీ తిప్పి చెబుతారు. మాట్లాడే వంతు వచ్చినప్పుడు అందరికంటే చిన్నదానితో మొదలుపెట్టండి. ‘ఎందుకు ఓడాం’ అని అడగకండి. ‘ఏ మ్యాచ్‌లో, ఎప్పుడు నీకు పాస్ రాలేదు?’, ‘ఎవరి పక్కన ఆడితే నీకు భయం తగ్గుతుంది?’ వంటి ప్రశ్నలైతే నోళ్లు తెరుచుకుంటాయి. షీటులో ఇంకో కాలమ్ ఉంది: కోర్టులోకి దిగిన ప్రతి అమ్మాయి పేరు పక్కన ఇంటూ గుర్తు పెడతారు. మా 12వ నంబరుకు నాకౌట్ మ్యాచ్‌లలో ఆ గుర్తే లేదు. ఆమె చీటీలో ఉన్నది ఒక వాక్యం: ‘మేడం, నేను బెంచీ మీద నుంచి అన్నీ చూశాను, నన్నెవరూ అడగలేదు.’ అడిగాం. ఎదుటి 10వ నంబరు ఎడమ వైపుకు డ్రిబుల్ చేయదని (బంతిని నేలకు కొడుతూ వెళ్లదని) ఆమెకు రెండో క్వార్టర్లోనే తెలుసు.

నాలుగో క్వార్టర్లో జట్టు నీరసపడితే ‘స్టామినా లేదు’ అని రాసి పుస్తకం మూసేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రౌండ్లు పెంచే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి రోజుల్లో సాధన మానేస్తున్న వాళ్లుంటే, మైదానంలో మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయో లేదో ముందు మీరు వెళ్లి చూసి రండి.

హాజరు పట్టీ తెరిస్తే మన ప్రాంతంలో ఒక ఖాళీ తప్పకుండా కనిపిస్తుంది: బతుకమ్మ తొమ్మిది రోజులు. పోటీల కాలం మధ్యలో వస్తుంది. ఆ రోజుల్లో రాలేదని అలిగే శిక్షకులను చూశాను, అది దండగ. తంగేడు, గునుగు తెచ్చి పేర్చడం, సాయంత్రం ఆడటం మానేసి ఏ పిల్లా రాదు, రాకూడదు కూడా. పొద్దున ఆరింటికి గంటసేపు ఫ్రీ త్రోలు, పాసులు చేయించి పంపేయండి.

తల్లిదండ్రులను విడిగా పిలవండి. పిల్లల ముందు మార్కుల సంగతి, ఆట సంగతి కలిపి మాట్లాడనివ్వకండి. చుట్టుపక్కల ధర్మసాగర్, హసన్‌పర్తి ఊళ్ల వైపు నుంచి వచ్చే వాళ్ల ఇబ్బంది వేళతోనే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్టు లేదు కానీ, చీకటి పడ్డాక బస్సు కోసం ఒంటరిగా నిలబడే భయం ఉంది. సాధన అరగంట ముందు ముగిస్తే ఏ బస్సు దొరుకుతుందో కలిసి చూసుకోండి. జట్టు ఎంపిక గురించి వాదించే తండ్రి ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆయనకు షీటు చూపించి టీ ఇప్పించండి.

చివరికి మూడు నిర్ణయాలకు మించి రాయకండి, పదిహేను రాస్తే ఒక్కటీ జరగదు. మావి ఇవి. హాఫ్‌టైమ్‌లో చివరి 3 నిమిషాలు అందరూ బంతితో కోర్టు మీద ఉండాలి, మాట్లాడేది ఒక్కరే. ఫ్రీ త్రోలు విశ్రాంతిగా నిలబడి పది వేయడం బంద్. 28 మీటర్ల కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తి, ఆయాసంతో రెండు, మళ్లీ పరుగు. తప్పినవి రాయడానికి సొంత పుస్తకం, దాన్ని బెంచీ మీద ఉన్నప్పుడు 12వ నంబరు రాస్తుంది, ఆట కాసేపు ఆపే టైమౌట్‌లో మొదట ఆమెనే అడుగుతాం. వయసు దాటిపోయే ముగ్గురికీ ఈ కాగితం నకలు ఇచ్చాం, వేసవిలో చిన్నపిల్లలకు నేర్పడానికి వస్తామన్నారు. మేలో వరంగల్ ఎండ తెలిసిందే కాబట్టి సాధన ఉదయం ఐదున్నరకు మొదలై ఏడున్నరకు ముగుస్తుంది.